బండికి విండ్‌షీల్డ్: ఎంత ఎత్తు, ఏ ప్లాస్టిక్, ఎక్కడ బిగింపు?

హన్మకొండ నుంచి ఉప్పల్ దాకా బండి మీద పోయేవాళ్లకు రెండున్నర, మూడు గంటలు ఎదురుగాలి ఛాతీ మీదే కొడుతుంది. దిగేసరికి చెవుల్లో హోరు, మెడ పట్టేసి ఉంటుంది. ఆ రాత్రే ఫోన్ తీసి, తమ బండి పేరు కొట్టి, అన్నిటికంటే పెద్దగా కనిపించిన విండ్‌షీల్డ్‌కు ఆర్డరు పెట్టేస్తారు చాలామంది. తీరా బిగించాక హోరు తగ్గకపోగా ఎక్కువైందని విప్పి అటకెక్కించిన విండ్‌షీల్డ్‌లు ఎన్నో. వాటిలో చాలావరకు నాసిరకంవేమీ కావు. పై అంచు మీదుగా లేచే గాలి నడిపేవారి హెల్మెట్‌కు ఎక్కడ తగులుతుందో చూడకుండా కొన్నవి. రంగు, ఆకారం, కంపెనీ పేరు అన్నీ ఈ లెక్క తేలాకే చూడాలి.

ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 40 కి.మీ. వేగంలో ఉన్న తోపు 80కి వచ్చేసరికి నాలుగింతలవుతుంది. కాజీపేట చౌరస్తా, నయీంనగర్, హంటర్ రోడ్డు, వరంగల్ స్టేషన్ మధ్య 40 లోపు తిరిగే బండికి పెద్ద విండ్‌షీల్డ్ బరువు తప్ప ఇచ్చేదేమీ లేదు. ఆ డబ్బుతో ఐఎస్ఐ ముద్ర ఉండి తలకు బిగుతుగా కూర్చునే ఫుల్ ఫేస్ హెల్మెట్ కొంటే హోరు కూడా చాలా తగ్గుతుంది. వదులైన హెల్మెట్ గడ్డం కిందినుంచి గాలిని లోపలికి లాగుతుంది, దాన్ని ఏ విండ్‌షీల్డూ ఆపలేదు.

రోజూ జనగామ, నర్సంపేట, పరకాల, ములుగు వైపు ఉద్యోగానికి పోయివచ్చేవాళ్లు, నెలకు రెండుమూడుసార్లు హైదరాబాద్‌కో ఆదిలాబాద్‌కో బండి మీదే వెళ్లేవాళ్లు మాత్రం దీని గురించి ఆలోచించాల్సిందే. ఇంటర్నెట్‌లో కనిపించే మెప్పులు చాలావరకు 110, 120 వేగంలో నడిపినవాళ్లవి. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కూడా బైకుకు గరిష్ఠ వేగం 80. కాబట్టి మన విండ్‌షీల్డ్ 60-80 మధ్య బాగుండాలి. 120లో అద్భుతంగా పనిచేసేది 70లో తలను ఊపేయవచ్చు.

కాలాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. డిసెంబర్, జనవరిలో ఆదిలాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పోతుంది. తెల్లవారకముందే బయలుదేరేవాళ్లకు ఛాతీకి గాలి తగలకపోవడం పెద్ద మేలు. తొలకరి వానల తర్వాత సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి, వాటిలో సగం విండ్‌షీల్డ్ మీదే ఆగిపోతాయి. యాసంగి వడ్లు రోడ్డు మీద ఆరబోసే రోజుల్లో లేచే దుమ్ము, నూగు కూడా అంతే. ఎండాకాలం సంగతి కొంచెం చిక్కు. 35-38 డిగ్రీల దాకా గాలి తగిలితేనే హాయి, పెద్ద విండ్‌షీల్డ్ ఉంటే ఉడికిపోతారు. 42, 43 దాటి వడగాలి మొదలయ్యాక ఆ గాలే ఒంట్లో నీటిని పీల్చేస్తుంది, అప్పుడు అడ్డం ఉండటమే నయం. అందుకే మన దగ్గర పది నిమిషాల్లో విప్పి పక్కన పెట్టగలిగిన బిగింపుకు విలువ ఎక్కువ.

ఎత్తు: అసలు విషయం ఇక్కడే ఉంది

విండ్‌షీల్డ్ గాలిని మాయం చేయదు, పైకి, పక్కలకు తోస్తుంది. పై అంచు దాటగానే ఆ గాలి సుడులు తిరుగుతుంది. ఆ సుళ్లు పడే చోటు ఛాతీనో భుజాలో అయితే ఇబ్బంది లేదు. హెల్మెట్ పైనుంచి దాటిపోతే ఇంకా మంచిది. గడ్డానికీ నుదుటికీ మధ్య పడితే మాత్రం తల అదురుతుంది, చూపు వణుకుతుంది, డప్పు మోగినట్టు హోరు వస్తుంది. అసలు విండ్‌షీల్డ్ లేనప్పుడు హెల్మెట్‌కు తగిలేది సాఫీ గాలి. జోరు ఉంటుంది గానీ అదురు ఉండదు. అరకొర ఎత్తు విండ్‌షీల్డ్ కంటే ఏమీ లేకపోవడమే మేలని చెప్పడానికి కారణం ఇదే.

బజారులో దొరికేవి మూడు ఎత్తులు. హెడ్‌లైట్ మీద కూర్చునే చిన్నవి, 15-20 సెం.మీ. వాటిని మనవాళ్లు వైజర్ అనే అంటారు. ఇవి పొట్ట, ఛాతీ కింది భాగం మీది తోపును కొంత తగ్గిస్తాయి, తలను సాఫీ గాలిలోనే వదిలేస్తాయి. తప్పు జరిగే అవకాశం తక్కువ, లాభమూ తక్కువే. 25-35 సెం.మీ. మధ్యరకాలు అందంగా ఉంటాయి, ఎక్కువగా అమ్ముడయ్యేవి కూడా ఇవే, ఎక్కువగా నిరాశపరిచేవీ ఇవే. ఐదున్నర అడుగుల మనిషికి వీటి పై అంచు నుంచి లేచిన సుడి చాలా బండ్ల మీద సరిగ్గా గడ్డం దగ్గరికి వస్తుంది. ఆరడుగుల మనిషికి అదే విండ్‌షీల్డ్ భుజాల దగ్గర తేలుతుంది, ఆయన బాగుందంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. 40-50 సెం.మీ. పొడవువి టూరింగ్ రకం, అంటే దూర ప్రయాణాలకు చేసినవి. తల మొత్తం నిశ్శబ్దంలో ఉంటుంది, కాకపోతే వీటికి బిగింపు గట్టిగా ఉండాలి, చూపు లెక్క కచ్చితంగా చూసుకోవాలి.

ఆ చూపు లెక్క ఇది. విండ్‌షీల్డ్ మీదుగా చూడాలి, దాని గుండా కాదు. వానలో నీటి బొట్లు, రాత్రి ఎదురుగా వచ్చే లారీ లైట్లు, గీతలు పడ్డ ప్లాస్టిక్ మూడూ కలిస్తే ముందున్న గుంత కనిపించదు. హెల్మెట్ పెట్టుకుని, మామూలుగా ఎలా కూర్చుంటారో అలాగే బండి మీద కూర్చోండి. 12 మీటర్ల ముందు రోడ్డు మీద ఒక ఇటుక పెట్టించండి. దాన్ని చూస్తున్నప్పుడు విండ్‌షీల్డ్ పై అంచు ఆ చూపుకు కిందే ఉండాలి. కన్ను నేల నుంచి దాదాపు 145 సెం.మీ. ఎత్తులో, విండ్‌షీల్డ్ ముఖానికి 65 సెం.మీ. ముందు ఉందనుకుంటే, పై అంచు కంటి మట్టానికి 8 సెం.మీ. కిందికి వస్తుంది. అంటే ముక్కు కింద, పై పెదవి దగ్గర. అంతకంటే పైకి వస్తే కోయించాలి, లేదా వెనక్కి వాల్చాలి. పై అంచు కొద్దిగా ముందుకు తిరిగి ఉన్న రకాలు గాలిని ఇంకొన్ని సెంటీమీటర్లు పైకి ఎత్తుతాయి కాబట్టి ముక్కు దాకా ఉన్న విండ్‌షీల్డ్ కూడా హెల్మెట్ మీదుగా గాలిని దాటించగలదు.

కొనేముందు ఎత్తు తేల్చుకోవడానికి ఒక చవకైన పద్ధతి ఉంది. బండికి ఇప్పటికే చిన్న విండ్‌షీల్డ్ ఉంటే ఫ్లెక్సీ కొట్టే దుకాణంలో 3 మి.మీ. సన్ బోర్డు (తేలికైన ప్లాస్టిక్ అట్ట) ముక్క తెచ్చి, 5 సెం.మీ. పైకి వచ్చేలా వెడల్పు టేపుతో రెండువైపులా అతికించండి. ఖాళీ సర్వీసు రోడ్డు మీద 50 దాటకుండా పోయి చూడండి. తర్వాత 5 సెం.మీ. కత్తిరించి మళ్లీ చూడండి. హోరు ఏ ఎత్తు దగ్గర మారిందో తెలిసిపోతుంది. అసలు ఏమీ లేని బండి అయితే, అదే మోడల్‌కు విండ్‌షీల్డ్ ఉన్నవారిని అడిగి ఒక రౌండు వేసి రావడమే సరైన దారి. మీ ఎత్తుకు, మీ హెల్మెట్‌తో చూడాలి.

కోణం కూడా ఎత్తులో భాగమే. ముందు ఫోర్కుల వాలుకు సమాంతరంగా పెట్టి మొదలుపెట్టండి. నిటారుగా లేపితే గాలి పైకి పోతుంది, బండి మీద తోపు, వెనక సుడి కూడా పెరుగుతాయి. వాల్చితే సాఫీగా ఉంటుంది, అంచు కిందికి దిగుతుంది. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు: విండ్‌షీల్డ్ కింది అంచుకూ హెడ్‌లైట్‌కూ మధ్య 2-4 సెం.మీ. సందు ఉండాలి. విండ్‌షీల్డ్ వెనక ఒత్తిడి పడిపోతుంది, ఆ ఖాళీని నింపడానికి గాలి పక్కలనుంచి, పైనుంచి లోపలికి గుంజుకుంటుంది. వీపును ముందుకు నెడుతున్నట్టు అనిపించేది దానివల్లే. కింది సందు నుంచి కొంచెం గాలి లోపలికి వస్తే ఆ గుంజుడు తగ్గుతుంది. నీటుగా లేదని ఆ సందును రబ్బరుతో మూసేయకండి.

పై అంచుకు క్లిప్పుతో తగిలించే చిన్న రెక్కలు కూడా దొరుకుతాయి. ఉన్న విండ్‌షీల్డ్ అరకొర ఎత్తుదైతే, కొత్తది కొనేముందు దీన్ని ప్రయత్నించడం తెలివైన పని. క్లిప్పు రబ్బరు మందంగా ఉన్నది చూసుకోండి. వదులైతే కటకటమంటూ అంచును అరగదీస్తుంది.

అక్రిలిక్, పాలికార్బొనేట్, బోర్డుల దుకాణం ముక్క

అక్రిలిక్ గట్టిగా ఉంటుంది, గీతలు తొందరగా పడవు, పడ్డా పాలిష్ చేస్తే పోతాయి, చూపు స్పష్టంగా ఉంటుంది. కానీ పెళుసు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ లారీలు, భూపాలపల్లి, రామగుండం వైపు బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద ఎగిరిన కంకర రాయి తగిలితే పెచ్చు లేస్తుంది, పడితే వాడిగా ముక్కలవుతుంది. పాలికార్బొనేట్ వంగుతుంది గానీ అంత తేలిగ్గా పగలదు. దాని బలహీనత గీతలు. అందుకే పైన గట్టి పూత ఉన్నదే కొనాలి. పూత ఉన్నదానికి పాలిష్ పెట్టకూడదు, పూత పోతే అది మసకబారడం మొదలవుతుంది. మా ఓటు రాళ్లు ఎగిరే రోడ్లకు పూత ఉన్న పాలికార్బొనేట్‌కే. టౌనులో తిరిగే చిన్న వైజర్‌కు అక్రిలిక్ చాలు.

మందం చిన్నవాటికి 3 మి.మీ., పెద్దవాటికి 4 మి.మీ. తగ్గకూడదు. లెక్క వేస్తే తెలుస్తుంది: 40 సెం.మీ. ఎత్తు, 35 సెం.మీ. వెడల్పు ఉన్న విండ్‌షీల్డ్ మీద 100 కి.మీ. వేగంలో గాలి తోపు దాదాపు 6 కిలోల బరువుతో సమానం. ఎదురుగా లారీ పోయినప్పుడు అది ఒక్కసారిగా పెరిగి తగ్గుతుంది. 2 మి.మీ. షీటు ఆ దెబ్బకు రెపరెపలాడుతుంది, ఆ రెపరెపలే బోల్టు రంధ్రాల దగ్గర పగుళ్లవుతాయి. చేతిలో పట్టుకుని రెండు పక్కలు నొక్కి చూడండి. తేలిగ్గా ముడుచుకుంటే వదిలేయండి.

నేమ్ బోర్డులు చేసే దుకాణంలో అక్రిలిక్ షీటు కోయించి, వేడిచేసి వంచి ఇస్తారు. చవక. చిన్న వైజర్‌కు ఫరవాలేదు. పెద్దదానికి వద్దు. బోర్డుల షీటు దెబ్బను తట్టుకోవడానికి చేసింది కాదు, అంచులు గుండ్రం చేసి ఉండవు, వంచిన చోట చూపు వంకర పోతుంది. పడినప్పుడు ఛాతీకీ గొంతుకూ దగ్గరగా ఉండే వస్తువు అది.

రంగు సంగతి రెండు మాటల్లో. మీదుగా చూసే చిన్నదానికి ఏ రంగైనా సరే. ముక్కు దాకా వచ్చేదానికి రంగులేని, ఆరపార కనిపించేదే కొనండి, గుంతలో బండి దిగినప్పుడు తల కిందికి వంగి దాని గుండానే చూడాల్సి వస్తుంది. నల్లటి పొగరంగు రాత్రిపూట ప్రమాదం.

ఎక్కడ బిగించాలి

హ్యాండిల్‌కు క్లాంపులతో బిగించే రకం దాదాపు ప్రతి బండికీ సరిపోతుంది, తీయడం తేలిక, ధర తక్కువ. చాలా బండ్ల హ్యాండిల్ గొట్టం 22 మి.మీ., కొన్ని క్రూజర్లకు 25.4 మి.మీ. ఉంటుంది. ఆర్డరు పెట్టేముందు వెర్నియర్‌తో (గొట్టం మందం కొలిచే పరికరం) కొలవండి, గ్రిప్పు దగ్గర కాదు, క్లాంపు కూర్చునే చోట. ఈ రకానికి ఒక లోపం ఉంది: గాలి తోపు నేరుగా హ్యాండిల్ మీదికి వస్తుంది. ములుగు దాటి తాడ్వాయి అడవి దారిలో ఎదురుగా లారీ దూసుకుపోయినప్పుడు హ్యాండిల్ చేతిలో కదిలినట్టు అనిపించేది అందుకే. 45 సెం.మీ. దాటిన విండ్‌షీల్డ్‌ను తేలికైన 100-125 సీసీ బండి హ్యాండిల్‌కు బిగించవద్దని గట్టిగా చెప్తాం. క్లాంపు రకంలో కూడా రెండు చోట్ల పట్టేదానికంటే నాలుగు చోట్ల పట్టేదే నిలుస్తుంది.

హెడ్‌లైట్ బోల్టులకు తగిలించే రకం హంటర్ 350 లాంటి విడి గుండ్రటి హెడ్‌లైట్ బండ్లకు సులువు. ఆ బోల్టులు వదులు చేస్తే లైటు వాలు మారుతుంది, దాన్ని మళ్లీ సరిచేయాలి. బుల్లెట్, క్లాసిక్‌లకు హెడ్‌లైట్ పెద్ద ఇనుప డూమ్‌లో కూర్చుని ఉంటుంది, పక్క బోల్టులు ఉండవు. వాటికి హ్యాండిల్ క్లాంపు గానీ ఆ మోడల్‌కే చేసిన బ్రాకెట్ గానీ చూడాలి. అన్ని గుండ్రటి లైట్లకూ సరిపోతుందని రాసి ఉన్నదాన్ని నమ్మి ఎక్కువగా మోసపోయేది ఈ రెండు బండ్లవాళ్లే.

హిమాలయన్ లాంటి బండ్లకు విండ్‌షీల్డ్ ఛాసిస్‌కు పట్టి ఉంటుంది, హ్యాండిల్‌తో పాటు తిరగదు. గాలి తోపు స్టీరింగ్‌ను తాకదు కాబట్టి పొడవాటిది వేసుకోవడానికి ఇదే మంచి చోటు. కంపెనీ బోల్టు రంధ్రాలకే సరిపోయే పొడవాటి విండ్‌షీల్డ్ కొంటే సరి, కొత్త రంధ్రాలు వద్దు. ఇటలీ గివి, స్పెయిన్ ప్యుగ్ లాంటి కంపెనీలు మోడల్ వారీగా చేస్తాయి, ధర ఎక్కువ. స్థానిక తయారీ కొనేటప్పుడు రంధ్రాల మధ్య దూరం కాగితం మీద అచ్చుతీసి సరిచూసుకోండి.

ఏ రకమైనా ముందు నంబరు ప్లేటు, ఇండికేటర్లు, హెడ్‌లైట్ వెలుగు దేనికీ అడ్డం రాకూడదు.

బిగింపు

సొంతంగా చేసుకోవచ్చు, తీరికగా చేస్తే గంట, గంటన్నర పని. 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు, 8, 10 స్పానర్లు, మాస్కింగ్ టేపు, పాత సైకిల్ ట్యూబు, ట్యాంకు మీద కప్పడానికి మందపాటి దుప్పటి కావాలి. మెకానిక్ దగ్గర చేయించినా పక్కన నిలబడండి. ఇంజిన్ బోల్టులు బిగించే చేతికి ప్లాస్టిక్ బోల్టు ఎంత సున్నితమో గుర్తుండదు.

ముందుగా హెడ్‌లైట్ కదిలే పని ఉంటే, బండిని గోడకు 5 మీటర్ల దూరంలో నిలబెట్టి లో బీమ్ పై గీత గోడ మీద ఎక్కడ పడుతుందో టేపుతో గుర్తు పెట్టండి. పని అయ్యాక అదే చోటికి తేవాలి. సెంటర్ స్టాండు వేసి హ్యాండిల్ నిటారుగా పెట్టండి. క్లాంపు కూర్చునే చోట నూనె, దుమ్ము పూర్తిగా తుడవండి, సైకిల్ ట్యూబు ఒక్క చుట్టు మాత్రమే చుట్టండి. రెండు చుట్లు వేస్తే క్లాంపు పట్టదు, నాలుగు రోజుల్లో విండ్‌షీల్డ్ వెనక్కి వాలిపోతుంది.

బోల్టులన్నీ మొదట వేలితోనే తిప్పి వదులుగా పెట్టండి. విండ్‌షీల్డ్ రెండు పై మూలల నుంచి అద్దాల కాడల దాకా దూరం రెండువైపులా ఒకటే ఉందా కొలవండి. తర్వాత ముందు ఇనుప క్లాంపుల బోల్టులు, చివర్లో ప్లాస్టిక్ బోల్టులు. క్లాంపు 6 మి.మీ. బోల్టుకు 7-8 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) బిగింపు సరిపోతుంది. ప్లాస్టిక్ గుండా పోయే 5 మి.మీ. బోల్టుకు 1-2 న్యూటన్ మీటర్లే, అంటే అలెన్ కీ పొట్టి కాడను రెండు వేళ్లతో పట్టుకుని, రబ్బరు వాషర్ కొద్దిగా ఉబ్బే దాకా తిప్పి ఆపడం. ఇంకో అర తిప్పు తిప్పితే ఆ రోజుకేమీ కాదు. మే నెలలో పగులుతుంది.

ఎందుకంటే ఈ ప్లాస్టిక్‌లు వేడికి బాగా సాగుతాయి. 40 సెం.మీ. ముక్క 40 డిగ్రీల తేడాకు ఒక మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువే సాగుతుంది. జనవరి తెల్లవారుజాముకూ, ఏప్రిల్ ఎండలో నిలబెట్టిన బండికీ మధ్య తేడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. బోల్టుకు రంధ్రం సరిగ్గా బిర్రుగా ఉంటే సాగడానికి చోటు లేక రంధ్రం అంచు నుంచి వెంట్రుక లాంటి పగులు మొదలవుతుంది. అందుకే 5 మి.మీ. బోల్టుకు కనీసం 6.5 మి.మీ. రంధ్రం, మధ్యలో రబ్బరు బుష్, రెండువైపులా నైలాన్ గానీ రబ్బరు గానీ వాషర్లు ఉండాలి. ఇనుప వాషర్ నేరుగా ప్లాస్టిక్ మీద పడకూడదు. రంధ్రం వేయాల్సివస్తే టేపు అతికించి, వెనక చెక్క ఆనించి, డ్రిల్లు నెమ్మదిగా తిప్పుతూ 3 మి.మీ. నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. అంచుకు 15 మి.మీ. లోపు రంధ్రం వద్దు.

బోల్టు ఊడిపోకుండా పోసే లాకింగ్ జిగురు ఈ పనిలో వాడనే వాడకండి. అది పాలికార్బొనేట్‌ను తినేస్తుంది, బోల్టు చుట్టూ నక్షత్రంలా పగుళ్లు వస్తాయి. నైలాన్ ఉన్న లాక్ నట్టు వాడండి. బ్రేక్ ఆయిల్, పెట్రోలు, థిన్నర్ కూడా అంతే. బంకులో ట్యాంకు మీద ఒలికిన పెట్రోలు తుడిచిన గుడ్డతోనే విండ్‌షీల్డ్ తుడవడం చాలా మామూలుగా జరిగే నష్టం.

చివరగా హ్యాండిల్‌ను రెండువైపులా పూర్తిగా తిప్పండి. విండ్‌షీల్డ్ ట్యాంకును, కేబుళ్లను, బ్రేక్ పైపును తాకకూడదు. ఇంజిన్ స్టార్టు చేసి న్యూట్రల్‌లో మళ్లీ తిప్పండి. ఇంజిన్ శబ్దం పెరిగితే యాక్సిలరేటర్ కేబులు గుంజుకుపోతోందన్నమాట, దాన్ని సరిచేయకుండా రోడ్డెక్కకండి. పైనున్న ప్లాస్టిక్ పొరను ఆ రోజే తీసేయండి, ఎండకు కాలితే ఊడిరాదు.

పరీక్షించే పద్ధతి

మొదటి 20 కి.మీ. ఊళ్లోనే తిరగండి, బోల్టులు సర్దుకుంటాయి. ఆపి చేత్తో ఊపి చూడండి. 100 కి.మీ. తర్వాత ఒకసారి, 500 తర్వాత ఒకసారి అన్ని బోల్టులూ చూడాలి.

అసలు పరీక్షకు గాలి లేని పొద్దుటి పూట, ఒకే రోడ్డు ముక్క, అదే హెల్మెట్, అదే జాకెట్. పోవడం, రావడం రెండూ చూడాలి, ఒకవైపు వెనకగాలి ఉంటే మోసపోతారు. 60, 70, 80 దగ్గర ఒక్కో నిమిషం స్థిరంగా నడపండి. సీటు మీద నుంచి కొద్దిగా లేచి చూడండి, తర్వాత కొద్దిగా కిందికి వంగి చూడండి. లేచినప్పుడు హోరు సాఫీ అయితే విండ్‌షీల్డ్ మీ తలకు కొంచెం ఎక్కువ ఎత్తు, సుడిలో కూర్చుంటున్నారు, 3-5 సెం.మీ. దించాలి. వంగినప్పుడు నిశ్శబ్దమైతే తక్కువ ఎత్తు, పెంచాలి లేదా రెక్క తగిలించాలి. ఎటు కదిలినా మారకపోతే అదురు విండ్‌షీల్డ్‌ది కాదు, హెల్మెట్ వదులైంది. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ఎత్తూ కోణమూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఖాళీ తిన్నటి రోడ్డు మీద 80లో చేతుల పట్టు కొద్దిగా సడలించండి, వదలకండి. హ్యాండిల్ అటూఇటూ సన్నగా ఆడుతుంటే ఆ విండ్‌షీల్డ్ ఆ బండికి పెద్దది, లేదా ఒకవైపు వంకరగా కూర్చుంది. ముందు టైరు గాలి, స్టీరింగ్ బేరింగు కూడా చూడండి, విండ్‌షీల్డ్ అక్కడ దాగున్న లూజును బయటపెడుతుంది.

వెనక కూర్చునేవారితో తప్పకుండా ఒకసారి నడపండి. వెనక సీటు ఎత్తుగా ఉంటుంది, మీ తల మీదుగా దాటిన సుడి వాళ్ల ముఖాన పడొచ్చు. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని కుంటాల జలపాతానికో లక్నవరానికో పోయే బండి అయితే ఈ పరీక్షే ముఖ్యం. ఆ తర్వాత రాత్రి ఒక రౌండు: మీటరు వెలుగు విండ్‌షీల్డ్ లోపలివైపు ప్రతిబింబించి కళ్లలో పడుతుంటే కోణం రెండు మూడు డిగ్రీలు మార్చితే తగ్గుతుంది.

వాడుకలో

వంపు ఉన్న విండ్‌షీల్డ్ లోపలి ముఖం ఎండను ఒకచోటికి పోగుచేయగలదు. సూర్యుడు బండి వెనకవైపు ఉండేలా గంటల తరబడి ఎండలో నిలబెడితే మీటరు ప్లాస్టిక్ మెత్తబడి మచ్చ పడిన బండ్లు ఉన్నాయి. నీడ లేకపోతే మీటరు మీద గుడ్డ కప్పండి, లేదా బండిని సూర్యుడికి ఎదురుగా తిప్పి పెట్టండి.

ఎండిన పురుగులను గోకకండి. తడి గుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచి, బండి షాంపూ కలిపిన నీళ్లతో మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో పైనుంచి కిందికి తుడవండి. దుమ్ము మీద పొడి గుడ్డతో రుద్దితే పూత పోతుంది. అమ్మోనియా ఉన్న అద్దాల ద్రవాలు ఇంట్లో కిటికీలకే.

రోజూ 30-50 కి.మీ. హైవే మీద పోయే ఐదున్నర అడుగుల మనిషికి, 350 సీసీ బండికి మేం సూచించేది: నాలుగు చోట్ల పట్టే హ్యాండిల్ క్లాంపులు, పూత ఉన్న 4 మి.మీ. రంగులేని పాలికార్బొనేట్, పై అంచు ముక్కు కిందికి వచ్చేంత ఎత్తు, ఎత్తూ కోణమూ మార్చుకునే వీలు. ఆ వీలు లేని మధ్యరకం ఎంత అందంగా ఉన్నా వద్దు. 125 సీసీ బండికి 20 సెం.మీ. వైజర్ దగ్గర ఆగండి. ఛాసిస్ బిగింపు ఉన్న బండికి పొడవాటి టూరింగ్ విండ్‌షీల్డ్, కావాలంటే పైన రెక్క. ఆన్‌లైన్‌లో కొంటే డబ్బా విప్పిన రోజే రంధ్రాల చుట్టూ వెలుతురుకు పెట్టి వెంట్రుక పగుళ్లు చూడండి, కాగితం అచ్చుతో దూరాలు సరిచూడండి, పొర తీయకముందే బండి మీద వదులుగా ఆనించి హ్యాండిల్ తిప్పి చూడండి. వాపసు గడువు ఉండగానే ఇవన్నీ అయిపోవాలి, పొర తీసి బోల్టు బిగించినదాన్ని ఎవరూ వెనక్కి తీసుకోరు.